కోయనివ్వని ఆకులు

మిషనమ్మ కొడుకు ఆ ఆదివారం పెరట్లో విత్తనాలు చల్లాడు. అదే వారం గురువారం మధ్యాహ్నం, ఓ పెద్ద భవనం పైకప్పు మీద లిఫ్టు మోటారు గదిలో, గోడకి చేరబడి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉందట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. నిండా ముప్పై ఐదేళ్ళు లేని మనిషికి గుండె ఎందుకు ఆగుతుందని అడిగితే, ఒక్కోసారి ఆగుతుందమ్మా అన్నారు. అంతకు మించి వాళ్ళకీ తెలిసినట్టు లేదు.

మిషనమ్మ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పొద్దున్న బళ్ళు తెరిచే వేళనుంచి వీధిదీపాలు వెలిగేదాకా ఆ గదిలోంచి టకటకమని చప్పుడు వస్తూనే ఉండేది. చప్పుడు ఆగితే ఎదురింటివాళ్ళు ఆవిడకి ఒంట్లో బాగాలేదేమోనని తొంగిచూసేవారు. కొడుకు తప్పటడుగులు వేస్తున్న రోజుల్లోనే భర్త పోయాడు. ఆ మిషను తొక్కే కొడుకుని పెంచింది, పని నేర్పించింది, పెళ్ళి చేసింది. కొడుకు లిఫ్టుల మెకానిక్కు. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేసేది. ఇంట్లో ఉండేది ముగ్గురే. ముగ్గురూ చేతిపని మనుషులే కాబట్టి, సాయంత్రాలు ఎవరి వేళ్ళకి ఏం గుచ్చుకుందో చూపించుకోవడంతోనే సగం కబుర్లు అయిపోయేవి.

అంతకు ముందు ఏడాది కోడలికి కడుపు పోయింది. ఐదో నెల. ఇంటికి తీసుకొచ్చాక ఆ పిల్ల పనికి వెళ్ళింది, నవ్వమంటే నవ్వింది, అన్నీ చేసింది గానీ తిండి మాత్రం మానేసింది. మానేసిందని కూడా అనలేం. కంచం ముందు కూర్చునేది, ముద్ద కలిపేది, నోటి దగ్గరికి తీసుకెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు దించేసేది. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందత్తయ్యా అనేది. మిషనమ్మ తనకి తెలిసిన రుచులన్నీ చేసి చూసింది. బుగ్గలు లోపలికి పోయి, మెడ కింద ఎముకలు తేలి, జాకెట్లు రెండుసార్లు బిగించి కుట్టవలసి వచ్చింది.

అలాంటి రోజుల్లో కొడుకు ఓ హోటల్లో సామాన్ల లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళాడు. వంటగదిలో వంటవాడు ఏవో ఆకులు కడిగి ఆరబెడుతున్నాడు. ఒక ఆకు నమలమని ఇచ్చాడు. నమిలితే ఆవాలు నూరి ముక్కులో పోసినట్టు ఘాటు నషాళానికి అంటింది. కొడుకు వెంటనే ఓ గుప్పెడు అడిగి పుచ్చుకుని, తడి కాగితంలో చుట్టి, పనిముట్ల సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కోడలు ఒక ఆకు నోట్లో వేసుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ముక్కు ఎర్రబడింది. ముక్కు తుడుచుకుంటూనే ఇంకొకటుందా అని అడిగింది. ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో. తల్లీకొడుకులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఇక కొడుక్కి అదే పిచ్చి పట్టుకుంది. వంటవాడి దగ్గర బతిమాలి విత్తనాల పొట్లం సంపాదించాడు. పొట్లం మీద ఆసియా సలాడ్ ఆకులు అని రాసి ఉంది. దాని కింద మిజునా, తత్సోయ్, పాక్ చోయ్, ఎర్ర ఆవాకు అంటూ పేర్లు. అతను ఒక్కొక్కటీ చదువుతుంటే మిషనమ్మకి నోరు తిరగలేదు.

"మనింట్లోకి మేక ఎప్పుడొచ్చిందిరా?" అంది.

"వచ్చి నాలుగేళ్ళయిందమ్మా. నువ్వే చూసి తెచ్చావు," అన్నాడు కొడుకు పెళ్ళాం వైపు చూపిస్తూ. కోడలు చేతిలో ఉన్న తువ్వాలు అతని మీదికి విసిరింది.

ఆ పేర్లు పలకలేక వాళ్ళే వేరే పేర్లు పెట్టుకున్నారు. అంచులు రంపపు పళ్ళలా ఉండేది రంపాకు. ముదురాకుపచ్చగా, గుండ్రంగా, చెంచాలా వంగి ఉండేది చెంచాకు. ఎర్రగా ముడతలు పడి నోరు మండించేది మంటాకు. తెల్లటి లావు కాడలున్నదానికి ఏ పేరూ తోచక పొట్టిది అన్నారు.

పెరడంతా సిమెంటే. వెనకగోడ పక్కన మాత్రం ఓ పట్టీలాగా మట్టి మిగిలింది. పొద్దున్న పూట ఎండ పడి, మధ్యాహ్నానికి గోడ నీడ వచ్చేస్తుంది. లేత ఆకులకి అంత ఎండే కావాలని వంటవాడు చెప్పాడట. కొడుకు మట్టి తవ్వి, గడ్డలు చిదిపి, రాళ్ళు ఏరి, ఎరువు కలిపి దువ్వినంత నున్నగా చేశాడు. పురుగు పడకుండా పైన కప్పడానికి పాత దోమతెరని మిషనమ్మ అంచులు మడిచి కుట్టి ఇచ్చింది. చలి మొదలైన రోజులవి. వేడెక్కితే ఈ ఆకులు తట్టుకోలేవుట, అందుకని ఇప్పుడే చల్లాలన్నాడు. పలచగా చల్లాలని పొట్లం మీద ఉంది గానీ, బోల్టులు బిగించే చేతికి ఆవగింజంత విత్తనం ఎక్కడ అంటుతుంది? ఒకచోట సగం పొట్లం గుమ్మరించినంత పని చేశాడు. తల్లి నవ్వింది.

"మొలిచాక పీకేద్దాంలే అమ్మా. పీకినవి కూడా తినొచ్చు," అన్నాడు.

అదీ ఆదివారం సంగతి.

శనివారం ఇల్లంతా జనం. కొడుకుతో పనిచేసేవాళ్ళు, కోడలి తరపువాళ్ళు, వీధిలోవాళ్ళు. ముందుగదిలో కుర్చీలు చాలక మిషను మూల మీద కూడా ఎవరో కూర్చున్నారు. మిషనమ్మ మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి, గోడవైపు చూసి అలాగే నిలబడిపోయింది. మొలకలు వచ్చేశాయి. దోమతెర కింద మట్టంతా పచ్చగా ఉంది. ఒక్కో మొలకకీ రెండేసి ఆకులు, చిన్న పిల్లలు గీసిన హృదయం బొమ్మల్లా. అతను గుమ్మరించిన చోట అడుగున మట్టే కనిపించడం లేదు. దోసిట్లో నీళ్ళు ఎప్పుడు కారిపోయాయో ఆవిడకి తెలియదు.

అప్పుడే ఎవరో సిగరెట్టు కాల్చుకోవడానికి పెరట్లోకి వచ్చి మడి అంచు మీద కాలు పెట్టారు. మిషనమ్మ లోపలికి వెళ్ళి, కూర్చున్నవాళ్ళని లేపి, కుర్చీలు ఒక్కొక్కటే మోసుకొచ్చి మడి చుట్టూ దడిలా పేర్చింది. లోపలివాళ్ళు నిలబడే ఉండిపోయారు. పాపం, మతి చలించింది అని ఎవరో అన్నారు. కోడలు మాత్రం గుమ్మంలోకి వచ్చి, కుర్చీల కాళ్ళ సందులోంచి ఆ పచ్చదనం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాతి రోజుల్లో మిషనమ్మకి అదే లోకమైంది. మిషనుని ముందుగదిలోంచి వెనక గుమ్మం దగ్గరికి జరిపించుకుంది, కుడుతూ కూడా మడి కనబడేలాగా. పొద్దున్నే లేచి, చిల్లుల మూత బిగించిన సీసాతో జల్లులా నీళ్ళు చిలకరించేది. ఆకు వెనక్కి తిప్పి పురుగులు ఏరేది. నత్తలు రాకుండా చుట్టూ బూడిద పోసేది. ఏడవలేదు. చూడవచ్చినవాళ్ళు ఆ మాటే చెప్పుకున్నారు. కన్నకొడుకు పోతే కంట తడి లేదు, ఆ ఆకుల దగ్గర మాత్రం పసిపిల్లాడికి స్నానం చేయించినట్టు చేస్తోందని. ఆవిడ మనసులో ఉన్నది ఎవరికీ చెప్పలేదు. ఆ గింజలు వాడి వేళ్ళ సందుల్లోంచి జారినవి. వాడు ఈ భూమ్మీద చేసి వెళ్ళిన ఆఖరి పని అది. లిఫ్టుని ఇంకో మెకానిక్కు వచ్చి బాగుచేశాడు. ఇది మాత్రం ఎవరూ వచ్చి మళ్ళీ చేసేది కాదు.

కోడలు కొన్నాళ్ళకే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందత్తయ్యా అంది. మిషనమ్మ సరేనంది గానీ మనసు చివుక్కుమంది. అంత త్వరగా ఎలా వెళ్ళగలిగింది అనుకుంది. తను వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయిన మర్నాడే మిషను ఎక్కిన సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకరు లేచాక ఒకరు తింటూ, ఒకరు వాకిట్లో ఉంటే ఒకరు పెరట్లో ఉంటూ, ఎదురుపడితే పక్కకి జరుగుతూ మసలుకున్నారు. కొడుకు ఉన్నప్పుడు వాళ్ళ మాటలన్నీ అతని మీదుగానే నడిచేవి. నీ పెళ్ళానికి చెప్పు అని ఈవిడ, మీ అమ్మగారికి చెప్పండి అని ఆ పిల్ల, మధ్యలో అతను ఇద్దరినీ ఆటపట్టిస్తూ. ఇప్పుడు ఆ మధ్యలో మనిషి లేడు. మాట ఎటునుంచి ఎటు వెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

మొలకలు ఎదిగి నాలుగేసి ఆకులు వేశాయి. ఒత్తుగా ఉన్నచోట ఒకదాన్నొకటి తోసుకుంటూ పొడుగ్గా, పీలగా, పాలిపోయినట్టు పెరుగుతున్నాయి. ఒకరోజు కోడలు దుకాణం నుంచి వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే మడి దగ్గర కూర్చుని చూసింది. కొన్ని పీకాలి అత్తయ్యా, మీ అబ్బాయి కూడా అదే చెప్పారు కదా అంది.

"ఒక్క మొక్క మీద చెయ్యి వెయ్యొద్దు," అంది మిషనమ్మ, తల ఎత్తకుండా, గుడ్డ సూది కిందికి తోస్తూ.

"పీక్కపోతే అన్నీ పాడవుతాయి."

"పాడవనీ. వాడు చల్లినట్టే ఉంటాయి."

కోడలు దోమతెర సరిచేసి లోపలికి వెళ్ళింది. తరవాత కొన్నాళ్ళకి, ఇప్పుడు కోతకొచ్చాయి, రెండు వేళ్ళ ఎత్తు వదిలి పైన కోస్తే మళ్ళీ చిగురు వస్తుంది, కొయ్యకపోతే ముదిరిపోతాయి అని కూడా చెప్పి చూసింది. మిషనమ్మ విననట్టే ఊరుకుంది. కొడుకు పోయినప్పటినుంచి ఆ పిల్ల మళ్ళీ సరిగ్గా తినడం లేదన్నది ఆవిడకి కనిపిస్తూనే ఉంది. ఆ ఆకులు వేసింది ఎవరికోసమో కూడా తెలుసు. అన్నీ తెలుసు. తెలిసినా కత్తెర పెట్టనివ్వడానికి చెయ్యి రాలేదు.

ఆ మధ్యలో ఓ సాయంత్రం కోడలి అన్నయ్య వచ్చాడు. చెల్లెల్ని కొన్నాళ్ళు తన ఇంటికి తీసుకెళ్తానని అడగడానికి. ముందుగదిలో అన్నాచెల్లెళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. వెనక గుమ్మం దగ్గర మిషను తొక్కుతున్న మిషనమ్మకి అన్నయ్య గొంతు సన్నగా వినపడింది. ఇంకా ఇక్కడ ఎవరున్నారని అంటున్నాడు. ఆవిడ కాలు ఆపింది.

"అత్తయ్య ఒక్కరే అయిపోతారు అన్నయ్యా. నేను రాను," అంది కోడలు.

మిషనమ్మ గబుక్కున మళ్ళీ మిషను తొక్కింది, విన్నట్టు తెలియకూడదని. చూసుకోకుండా తొక్కితే కాలరు మీద కుట్టు వంకర పోయింది.

ఇది జరిగిన వారంలోనే ఆ పని జరిగింది. మిషనమ్మ కుట్టిన బట్టలు బడిలో అప్పగించి ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. కోడలు పెందలాడే వచ్చేసినట్టుంది. లోపలికి రాగానే ఆవిడ కంట పడింది ముందుగదిలో గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెద్ద కత్తెర. గుడ్డ తప్ప ఇంకేదీ కొయ్యనివ్వని కత్తెర అది. కొడుకు చిన్నప్పుడు దాంతో కాగితం కోస్తే వీపు చిట్లగొట్టింది. దాని పదును మీద పచ్చటి రసం అంటి ఉంది. వెనక గుమ్మంలోంచి చూస్తే మడికి ఒక కొసన చేతివెడల్పు మేర బోడిగా ఉంది.

వంటగదిలో కోడలు బల్ల ముందు కూర్చుని తింటోంది. కంచం నిండా ఆకులే. రంపాకు, చెంచాకు, మంటాకు, అన్నీ కడిగి, కాస్త ఉప్పు, నిమ్మరసం వేసుకుంది. ఆకలిగొన్నవాళ్ళు తిన్నట్టు గబగబా గుప్పెళ్ళతో నోట్లో కుక్కుకుంటోంది. కళ్ళమ్మట ధారగా నీళ్ళు. అది ఘాటుకో, దుఃఖానికో చెప్పడానికి లేదు. అత్తగారిని చూసి లేవబోయింది. నోటినిండా ఆకులుండటం వల్ల మాట రాలేదు.

మిషనమ్మకి తరవాత ఎన్నిసార్లు తల్చుకున్నా, ఆ మాట తన నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో అంతుపట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"కడుపులో వాణ్ణి మింగావు. కట్టుకున్నవాణ్ణి మింగావు. ఈ ఆకులు కూడా మింగితేగానీ ఆకలి తీరలేదా?"

కోడలు నమలడం ఆపింది. నోట్లో ఉన్నదాన్ని మింగలేక, ఉమ్మలేక, మెల్లగా చేత్తో తీసి కంచం పక్కన పెట్టింది. కంచం కడిగింది. ముందుగదిలోకి వెళ్ళి కత్తెరని పొడిగుడ్డతో తుడిచి, మరమీద ఓ చుక్క నూనె వేసి, రెండుసార్లు ఆడించి, దాని చోట దాన్ని పెట్టింది. మిషనమ్మ వెనక గుమ్మంలో కూర్చుని అదంతా వింది. లేచి వెళ్ళి ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు జారింది అంటే చాలు. కాళ్ళు లేవలేదు. లేవకపోవడానికి కోపమే కారణం అనుకుంది అప్పుడు. కోపం కాదు. అన్న మాట ఎంతదో అప్పటికే తెలిసిపోయి, దాని ఎదుట నిలబడే ధైర్యం లేక.

పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. కోడలు ఒక సంచీ మాత్రమే సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా వెళ్ళొస్తాననే అంటారు. కోడలు దుకాణానికి వెళ్ళే ప్రతిరోజూ అదే మాట అనేది.

"వెళ్తున్నానత్తయ్యా," అంది ఇవాళ.

మిషనమ్మ తల ఊపింది.

ఇల్లు ఎంత పెద్దదో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఇద్దరు ఎడముఖం పెడముఖంగా ఉన్న ఇంట్లో కూడా ఎన్ని చప్పుళ్ళుంటాయో. స్నానాలగదిలో చెంబు చప్పుడు, పక్కగదిలో దగ్గు, తెల్లారకుండానే చెప్పులు వెతుక్కోవడం. అవేవీ లేవు. తొలి నాలుగు రోజులూ మిషనమ్మ తనకి తనే సర్దిచెప్పుకుంది. కడుపుమంటలో అంటారు, మనుషులన్నాక ఓ మాట అనుకోరా, పెద్దదాన్ని ఒక మాట అంటే పడలేకపోయిందా అని. కుట్టు కుడుతూ పైకే అనేది. ఎదురింటావిడ తొంగిచూస్తే గుడ్డతో మాట్లాడుతున్నట్టు నటించేది.

కానీ మడి ఎదురుగానే ఉంది. దాన్ని చూడకుండా ఉండలేని చోటే మిషను పెట్టుకుంది మరి. కోడలు కోసిన ఆ కాస్త జాగాలో మొదళ్ళనుంచి కొత్త చిగుళ్ళు లేచాయి. లేతగా, ఒత్తుగా, నీళ్ళు తాగినట్టు మెరుస్తూ. కత్తెర తగలని మిగతా మడి అంతా ముదిరిపోతోంది. ఒత్తుగా ఉన్న చోట లోపల గాలి ఆడక, అడుగు ఆకులు పసుపురంగు తిరిగి, కుళ్ళి, నేలకి అంటుకున్నాయి. చెంచాకు మీద పేనుబంక పట్టింది. మంటాకు కాడలు కట్టెల్లా గట్టిపడ్డాయి. మిషనమ్మ ఎంత ఏరినా, ఎన్ని నీళ్ళు పోసినా ఆగలేదు. ఆ పిల్ల చెప్పినట్టే జరుగుతోంది. ఆ పిల్ల మాత్రమే ఆ మడిని, వాడు ఏమనుకుని వేశాడో ఆ లెక్కన చూసింది. తను సమాధి కట్టినట్టు దాని చుట్టూ కుర్చీలు పేర్చుకుని కూర్చుంది.

ఒకరోజు పొద్దున్న ఆవిడ చిగురు ఉన్న వైపు ఒక ఎర్రాకు తుంచి నోట్లో వేసుకుంది. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఘాటు ముక్కుపుటాల్లోంచి కళ్ళలోకి ఎక్కింది. కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి ఆడలేదు. వాడు ఈ ఆకు నమిలి, ముందుగా పెళ్ళాన్ని తల్చుకున్నాడు. మట్టి తప్ప మరో రుచి తెలియని నాలుకకి ఇదైనా తెలుస్తుందేమో అనుకున్నాడు. అంత ప్రేమగా వేసినదాన్ని తింటుంటే, తను ఆ పిల్ల నోట్లోంచి బయటికి తీయించింది. మిషనమ్మ మడి పక్కన సిమెంటు మీద చతికిలబడి ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మిషను చప్పుడు లేదేమని ఎదురింటావిడ వచ్చి, చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

ఆ రోజే పెద్ద కత్తెర తీసుకుని మడి అంతా తనే కోసింది. కుళ్ళినవి పీకింది, ఒత్తుగా ఉన్నచోట పలచన చేసింది, ముదిరినవి పారేసింది. మొదట ఒక్కొక్క ఆకే కోసింది. సగానికి వచ్చేసరికి అలవాటైన పనిలాగే సాగింది. బాగున్నవి ఏరి, కడిగి, తడి గుడ్డలో చుట్టి, సంచీలో పెట్టుకుని బస్సెక్కింది.

కోడలి అన్నయ్య ఇల్లు ఊరి అవతలి కొసన, మెట్లెక్కి వెళ్ళే మూడో అంతస్తు. తలుపు తీసింది అతని భార్య. మిషనమ్మని చూసి మొహం మాడ్చుకుంది గానీ, రండి అని పక్కకి తప్పుకుంది. అన్నయ్య పనికి వెళ్ళాడు. కోడలు కిటికీ దగ్గర కూర్చుని ఏదో బట్ట మడతపెడుతోంది. ఇంకా చిక్కింది. ఆ పిల్ల లేచి నిలబడి, కూర్చోండత్తయ్యా అని కుర్చీ జరిపింది. వదినగారు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది.

మిషనమ్మ దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. తీరా ఎదురుగా కూర్చున్నాక అవన్నీ పక్కన పెట్టేసింది.

"నేనన్నది మనిషన్నవాళ్ళు అనే మాట కాదమ్మాయ్," అంది. "క్షమించమని అడగడానిక్కూడా నాకు మొహం చెల్లడం లేదు."

కోడలు చేతిలో బట్టని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అంచు సవరించింది.

"మీరు కొత్తగా ఏం అన్లేదత్తయ్యా," అంది చివరికి. "మీకంటే ముందు నేనే అనుకున్నాను ఆ మాట. బిడ్డ పోయినప్పుడు అనుకున్నాను. ఆయన పోయినప్పుడు కూడా అనుకున్నాను. రోజూ అనుకుంటూనే ఉన్నాను. కాకపోతే, నేననుకోవడం తప్పని మీరు చెప్తారేమోనని చూశాను."

మిషనమ్మకి కన్నకొడుకు పోయిన రోజు కూడా ఇంత నొప్పి తెలియలేదు అనిపించింది. అప్పుడు అంతా మొద్దుబారి ఉంది. ఇప్పుడు లేదు.

"తప్పు," అంది. "ముమ్మాటికీ తప్పు. నువ్వు కాబట్టి వాడు ఆ నాలుగేళ్ళూ నవ్వుతూ బతికాడు. నాకు తెలుసు. నేను కళ్ళారా చూశాను."

కోడలు తల ఊపింది. నమ్మిందని కాదు, విన్నానన్నట్టు. మిషనమ్మ సంచీలోంచి తడి గుడ్డ తీసి విప్పింది. కోసిన ఆకుల వాసన గదంతా వచ్చింది. కోడలు వాటిని చూసింది గానీ చెయ్యి చాపలేదు. లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి, గుడ్డలోంచి గిన్నెలోకి సర్ది, వంటగదిలో పెట్టి వచ్చింది. తింటుందో లేదో మిషనమ్మ అడగలేదు. ఆ రోజుకి పుచ్చుకోవడమే ఎక్కువ.

వెళ్ళేటప్పుడు కోడలు బస్సు స్టాపుదాకా వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి బస్సు వచ్చే వైపు చూశారు. మిషనమ్మ, ఇంటికి వచ్చెయ్యమ్మా అంది.

"నేను రానత్తయ్యా," అంది కోడలు. గొంతులో కోపం లేదు. "ఆ ఇంట్లో నేను ఉండలేను. ఆయన ఉన్నట్టే ఉంటుంది, ఉండరు. మీరన్న మాట కూడా ఉంటుంది అక్కడే. మీరే రండి. అప్పుడప్పుడు."

బస్సు వచ్చింది. మిషనమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూసింది. ఆ పిల్ల అప్పటికే తిరిగి నడుస్తోంది, చేతులు కట్టుకుని, భుజాలు ముందుకి వంచి, పెద్దవయసు మనిషిలా.

తరవాత మిషనమ్మ వెళ్తూ ఉండేది. వారం వారం కాదు గానీ, ఆకు మళ్ళీ కోతకి వచ్చినప్పుడల్లా. రెండోసారి వెళ్ళినప్పుడు వదినగారు గుమ్మంలోనే చెప్పింది, మొన్న తెచ్చినవి తిన్నదండీ, ఒక్కతే కూర్చుని మొత్తం తిన్నది అని. మూడోసారికి కోడలే కంచం ముందు పెట్టుకుని, అత్తగారికీ కొంచెం పెట్టింది. ఇద్దరూ ముక్కులు చీదుకుంటూ తిన్నారు. దుకాణంలో కొత్తగా వచ్చిన అద్దాలు కోసే మర గురించి కోడలు చెప్పింది. కాలర్లు కుట్టడానికి చూపు ఆనడం లేదని మిషనమ్మ చెప్పింది. అయితే ఓ రోజు దుకాణానికి రండి, నేనే చూసి జోడు బిగిస్తాను అంది కోడలు. కొడుకు మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా మాటలు ఆగిపోకుండా సాగడం ఇద్దరికీ వింతగానే ఉంది.

చలి వెనకపట్టింది. ఎండ ముదిరింది. గోడ నీడ కూడా చాలలేదు. కోసిన మొదళ్ళు ఈసారి ఆకు వెయ్యకుండా కాడలు సాచి నడుము ఎత్తుకి లేచి, కొసన పసుపు పువ్వులు పూశాయి. అడుగున అక్కడక్కడ మిగిలిన ఆకు నోట్లో పెడితే చేదు. మిషనమ్మ కొన్నాళ్ళు చూసింది. ఒక ఉదయం దోమతెర తీసి మడిచి, మొక్కలన్నిటినీ వేళ్ళతో సహా పీకేసింది. వాడు చల్లినవన్నీ అయిపోయాయి. మట్టి తిరగదోసి, చదును చేసి, చేతులు కడుక్కుని కోడలికి ఫోను చేసింది.

"ఆకులు అయిపోయాయమ్మాయ్. పూలొచ్చేశాయి. పీకేశాను," అంది.

ఎండలు కదా, అంతే ఉంటాయి అంది కోడలు. మిషనమ్మ ఫోను పెట్టేద్దామా వద్దా అని ఆలోచిస్తోంది.

"ఆదివారం నాకు సెలవు. మీరు తిని రాకండి," అంది కోడలు.

ఆదివారం మిషనమ్మ ఇంటికి తాళం వేసి బస్సెక్కింది. ఎప్పటిలాగే కిటికీ పక్కన సీటు దొరికింది. ఇన్నాళ్ళూ ఒళ్ళో తడి సంచీ ఉండేది, దారి పొడుగునా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. ఇవాళ ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు సీటు కమ్మీ పట్టుకుంది. పక్కన కూర్చున్నామె ఎంతదాకా వెళ్తున్నారని అడిగింది.

"మా కోడలింటికి," అంది మిషనమ్మ. తరవాత ఆ మాట సరిగ్గా అన్నానో లేదో అనుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది.